పేజీ లోపలి పెంట

చెల్లెలు తయారుచేసిన పేజీని అక్క మొదటిసారి లోపలి నుంచి చూసింది మధ్యాహ్నం భోజనాల వేళ. క్యారియర్ మూత తీసి, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, అలవాటు కొద్దీ ఆ పేజీ వెనకాల ఉన్న కోడ్ తెరిచింది. రెండో ముద్ద ఎత్తలేకపోయింది.

పైకి పేజీ బాగానే ఉంది. ఒక పళ్ళ డాక్టరుగారి వెబ్‌సైటు అది. నీలం రంగు పట్టీ, నవ్వుతున్న మనిషి బొమ్మ, కింద ఫోన్ నంబరు. లోపల మాత్రం ఒక డబ్బాలో ఇంకో డబ్బా, దాన్లో మరో డబ్బా, విప్పుకుంటూ పోతే చిట్టచివరి డబ్బాలో ఏమీ లేదు. అక్షరాలు నల్లగా ఉండాలన్న ముక్కని ప్రతి వాక్యానికీ విడివిడిగా చెప్పారు, మతిమరుపు మనిషికి చెప్పినట్టు. ఎప్పుడో తీసేసిన ఫొటో తాలూకు ఖాళీ చోటు అలాగే పడి ఉంది. కనపడకుండా దాచిన వాక్యాలు, వంటింటి గట్టు కిందికి కాలితో తోసేసిన తొక్కల్లా, గుట్టలు గుట్టలుగా ఉన్నాయి. మూడు ముక్కల్లో తేలిపోయే పనికి మూడు చాంతాళ్ళంత కోడ్.

ఆమెకి రోత పుట్టింది. ఇది మాటవరసకి అనడం కాదు, నిజంగానే లేచి వెళ్ళి కొళాయి దగ్గర మొహం కడుక్కుని వచ్చింది.

ఆ అక్కచెల్లెళ్ళని అందరూ చాదస్తం, తొందర అనే పిలుస్తారు. నాన్న పెట్టిన పేర్లవి. చిన్నప్పుడు బడి నుంచి రాగానే పెద్దది చెప్పులు రెండూ ఒకదానికొకటి ఆనించి, కొసలు కలిశాయో లేదో వంగి చూసుకుని మరీ లోపలికొచ్చేది. చిన్నదాని చెప్పు ఒకటి గుమ్మంలో దొరికేది, రెండోది వెతుక్కోవాల్సి వచ్చేది. పెళ్ళయి తొందర వేరే వీధికి వెళ్ళిపోయినా, చాదస్తం పెళ్ళి మాట ఎత్తనివ్వకుండా నాన్న దగ్గరే ఉండిపోయినా, పేర్లు మాత్రం ఊడలేదు.

ఇద్దరూ కలిసి టైర్ల రిపేరు దుకాణం మీద రెండు గదులు అద్దెకి తీసుకుని వెబ్‌సైట్లు చేసిపెడుతున్నారు. మెట్ల నిండా రబ్బరు వాసన. కింద గాలి మిషను ఆన్ చేసినప్పుడల్లా పైన బల్లల మీద గ్లాసులు సన్నగా వణుకుతాయి. చాదస్తం అంతకుముందు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది. ప్రెస్సు మూతపడ్డాక కోడ్ రాయడం నేర్చుకుంది. తెరిచిన ప్రతి ట్యాగునీ, అంటే ఒక ముక్క ఇక్కడ మొదలవుతుందని చెప్పే గుర్తుని, మళ్ళీ మూయాలి అన్న నియమం వినగానే ఆమెకి ఆ విద్య మీద ప్రేమ పుట్టింది. లోకంలో ఇంత మర్యాదగల పని ఇంకోటి లేదనుకుంది. ఏ పేజీ అయినా ఖాళీ ఫైలు తెరిచి, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా తన చేత్తోనే రాసేది. వరసలు ఎంత లోపలికి జరపాలో, ఎక్కడ ఒక గీత ఖాళీ వదలాలో అన్నిటికీ ఆమెకి లెక్కలున్నాయి. ఎవరూ చూడని చోట అంత శుభ్రం దేనికని అడిగితే, వీపు కనపడదని తోముకోవడం మానేస్తామా అనేది.

తొందరది ఫోన్ల పని, బేరాల పని. సైట్లు చేయించుకునే పార్టీలు జారిపోవడం మొదట చూసింది ఆమే. డ్రైవింగ్ స్కూలతను వారం రోజులు ఆగలేనన్నాడు. ఇంకెవరో సాయంత్రానికల్లా చేసిచ్చారట. ఆ తర్వాత పూలమొక్కలమ్మే ఆవిడ పోయింది. అప్పుడు తొందర ఎడిటర్ అనే సాఫ్ట్‌వేర్ ఒకటి తీసుకొచ్చింది. అందులో కోడ్ రాసే పనే లేదు. తెర మీద పక్కన వరసగా ముక్కలుంటాయి. శీర్షిక, ఫొటో, బటన్, ఏది కావాలంటే అది మౌస్‌తో లాక్కొచ్చి పేజీలో వదిలేస్తే అతుక్కుంటుంది. కోడ్ అదే తన ఇష్టం వచ్చినట్టు రాసుకుంటుంది. పళ్ళ డాక్టరు పేజీ తొందర ఒక్క పూటలో చేసింది.

ఆ రోజు అన్నం మానేసి వచ్చిన అక్క చెల్లెలి బల్ల ముందు నిలబడి, ఆ రోత కంప్యూటర్లోంచి తీసెయ్యమంది.

"పళ్ళ డాక్టరు పేజీ ముందు చూస్తాడు. పేషంట్లూ ముందే చూస్తారు. వెనకాల ఎవరు చూస్తారక్కా?"

"నేను చూస్తాను" అంది చాదస్తం.

తొందర నవ్వింది గాని, ఎడిటర్ తీసెయ్యలేదు. అప్పటినుంచి ఒకే గదిలో రెండు వంటిళ్ళున్నట్టయింది. చెల్లెలు చేసిన పేజీలు అక్క కంటపడకుండా తెర తిప్పి పెట్టుకునేది. పైన పటారం, లోన లొటారం అని అక్క వినపడేలా గొణిగేది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని చెల్లెలు అంతకంటే గట్టిగా గొణిగేది. అలా మాటా మాటా అనుకుంటూనే నెలలు గడిచాయి, అద్దె కట్టుకోగలిగారు.

నల్లకోటాయన వచ్చింది ఆ రోజుల్లోనే. ఆయనది అంత్యక్రియలు జరిపించే సంస్థ. మండుటెండలో కూడా నల్లకోటు విప్పడు. ఎప్పుడూ పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టు లోగొంతుకతో మాట్లాడతాడు. ఆయన అడిగింది చిన్న సంగతే. పోయిన ప్రతి మనిషికీ ఒక పేజీ కావాలి. అందులో ఫొటో, పేరు, చివరి చూపు కోసం శరీరాన్ని ఏ వేళ నుంచి ఏ వేళ దాకా హాల్లో ఉంచుతారో ఉండాలి. రాలేనివాళ్ళు రెండు మాటలు రాసి పంపడానికి కింద ఒక పెట్టె ఉండాలి. తొందరగా కావాలి, ఎందుకంటే చావు ఎవరి కోసమూ ఆగదు కదమ్మా అన్నాడు. తొందర ఆ మాటకి వెంటనే ఒప్పేసుకుంది.

ఎడిటర్‌తో పాటు తయారు నమూనాలు వందలకొద్దీ వస్తాయి. పేర్లూ ఫొటోలూ మార్చుకుంటే చాలు. తొందర వాటిల్లోంచి తెల్లపూలున్న నమూనా ఒకటి ఎంచుకుంది. ప్రశాంతంగా ఉందనుకుంది. అది అసలు విందులకీ పుట్టినరోజులకీ చేసిన నమూనా అని ఆమె గమనించలేదు. పేజీ అంతా పరీక్షించి చూసింది. సంతాపం పంపే బటన్ ఒక్కటే నొక్కలేదు. ఎవరూ పోకుండా ఉత్తుత్తి సంతాపం రాయడానికి ఆమెకి చెయ్యి రాలేదు.

మొదట ఆ పేజీలోకి ఎక్కింది ఒక డ్రాయింగు మాస్టారు. ఆయన పోయిన మర్నాడు పొద్దున్న పేజీ పెట్టారు. ఆ తర్వాత రెండు రోజులకి మాస్టారి భార్య టైర్ల దుకాణం పక్కనున్న మెట్లెక్కి వచ్చింది. సన్నటి మనిషి. చెప్పులు బయట విడిచి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, ఫోన్ తీసి తొందర చేతికిచ్చింది.

"ఇందులో మా ఆయన పేజీ ఉంది. ఏదో ఒక మాట రాసి పంపండమ్మా, నా ఎదురుగా" అంది.

తొందరకి ఏమీ అర్థం కాలేదు. 'మాస్టారి ఆత్మకి శాంతి కలగాలి' అని రాసి బటన్ నొక్కింది. ఫోన్ లోంచి పిల్లల బూర ఊదిన చప్పుడు వచ్చింది. తెర పైనుంచి రంగురంగుల కాగితం ముక్కలు వానలా రాలాయి. గులాబీవి, పచ్చవి, బంగారువి మాస్టారి ఫొటో మీదుగా, ఆయన కళ్ళజోడు మీదుగా తిరుక్కుంటూ జారిపోయాయి. తర్వాత పెద్ద అక్షరాలతో ఒక మాట వచ్చింది. 'శభాష్! అదరగొట్టేశారు!'

తొందర ఫోన్ బల్ల మీద బోర్లించింది.

మాస్టారి భార్య మెల్లిగా చెప్పుకొచ్చింది. పేజీ పెట్టిన రోజు శవం ఇంకా ఇంట్లోనే ఉంది. ముందుగదిలో బంధువులు గోడవార కూర్చున్నారు. ఊళ్ళో లేనివాళ్ళ కోసమని పేజీ సంగతి ఎవరో చెప్పారు. కూర్చున్నవాళ్ళు కూడా మర్యాదకి ఫోన్లు తీసి తలా ఒక మాట రాశారు. ఒక మూల బూర మోగింది. ఎవరో పిల్లాడి ఫోన్ అనుకున్నారు. తర్వాత ఇంకో మూల మోగింది. అప్పటికే అందరూ నొక్కేశారు. ఆవిడ భర్త తల దగ్గర కూర్చుని ఉండగా గది నాలుగు వైపుల నుంచీ బూరలు మోగాయి. ఎవరో ఆపుకోలేక నవ్వారు. ఎవరు నవ్వారో ఆవిడ తలెత్తి చూడలేదు.

"నవ్విన మనిషి మీద నాకు కోపం లేదు. ఎవరికైనా నవ్వొస్తుంది" అంది ఆవిడ. "మీరు ఒక్కసారైనా నొక్కి చూశారా అని అడుగుదామని వచ్చాను."

తొందర లేదంది.  ఆవిడ ఫోన్ తీసుకుని, కొంగుతో తెర తుడుచుకుని, వచ్చినంత మెల్లిగానూ మెట్లు దిగిపోయింది.

తొందర బల్ల మీద తలపెట్టుకుని ఏడ్చింది. చాదస్తం వెళ్ళి భుజం మీద చెయ్యేసింది గాని, ఆ చెయ్యి వేస్తున్నప్పుడు ఆమెకి లోపల ఎక్కడో తీపిగా కూడా ఉంది. నేను ముందే చెప్పానా లేదా అన్న తీపి. చనిపోయిన మనిషి మొహమ్మీద రాలిన కాగితాల్లోంచి తనకి గెలుపు దొరికింది. ఆ సంగతి తెలిసి తన మీద తనకే ఎలపరంగా అనిపించి చెయ్యి తీసేసింది.

ఆ బూర ఎక్కడుందో వెతికి తీసేద్దామని కూర్చుంది. పొద్దు వాలేదాకా ఆ పెంటలో దేవింది. డబ్బా తర్వాత డబ్బా తీసుకుంటూ పోయింది. కేకు బొమ్మ కోసం పెట్టిన చోటు దొరికింది. 'కేకు కట్ చేసే వేళ' అన్న వాక్యం దొరికింది. దాన్ని తొందర చెరపలేదు, కనపడకుండా మూసిందంతే. ఆ వాక్యం మాస్టారి పేరు కిందే అన్నాళ్ళూ ఉంది. అతిథులు ఎంతమందో రాసే గడి దొరికింది, అదీ మూతేసి ఉంది. బూర మాత్రం దొరకలేదు. చివరికి తేలిందేమిటంటే అది ఈ పేజీలో లేనే లేదు. ఎక్కడో ఎవరి కంప్యూటర్లోనో ఉన్న ముక్కని ఈ పేజీ ప్రతిసారీ కేకేసి పిలిపించుకుంటోంది. చాదస్తానికి చేతులు కడుక్కోవాలనిపించింది. కడుక్కుంది కూడా. సబ్బుతో.

నల్లకోటాయన్ని అడిగి ఆ సైటు మూసేయించి, ఖాళీ ఫైలు తెరిచి కొత్తగా రాసింది. తెల్లటి పేజీ. పైన ఫొటో, పేరు. దాని కింద వేళ, చోటు. తర్వాత సంతాపం పెట్టె. పంపాక 'మీ మాట అందింది' అని ఒక్క వాక్యం వస్తుంది. అంతకుమించి ఒక్క గీత లేదు. ఎంత పాత ఫోన్‌లోనైనా వేలు పెట్టీ పెట్టకముందే తెరుచుకునేది. మాస్టారి పేజీ మొదట రాసి ఆయన భార్యకి చూపించింది. ఆవిడ చాలాసేపు చూసి, ఆయన వేసిన బొమ్మ ఒకటి దీన్లో పెడతారా అని అడిగింది. చాదస్తం పెట్టింది. నల్లకోటాయన ఆ పేజీ చూసి, ఇస్త్రీ చేసిన దుప్పటిలా ఉందమ్మా అన్నాడు. ఆ మెప్పు ఆమె చాలా రోజులు తల్చుకుంది.

అయితే ఆ పేజీలో ఏ అక్షరం మారాలన్నా చాదస్తమే మార్చాలి. రోజూ పొద్దున్నే నల్లకోటాయన ఫోన్ చేసి పోయినవాళ్ళ పేర్లు చెప్పేవాడు. ఆమె కోడ్ తెరిచి రాసేది. పేరులో ఒత్తు పోయిందన్నా, హాలు మారిందన్నా మళ్ళీ ఆమె దగ్గరికే రావాలి. ఇలా కొన్నాళ్ళు గడిచాక ఆయన మొహమాటపడుతూనే, వేళ వరకైనా నేనే మార్చుకునే వీలుంటుందా అమ్మా అని అడిగాడు. ఎందుకండీ మీకు శ్రమ, నేను లేనా అంది ఆమె. తొందర కూడా చెప్పింది, ఆయనకో చిన్న గడి పెట్టి ఇవ్వక్కా అని. అది పెట్టడం చాదస్తానికి చేతకాక కాదు. పెడితే ఆయన అందులో ఏం పోస్తాడో అన్నదే బాధ. అడ్డదిడ్డంగా ఖాళీలు వదులుతాడు, చుక్క పెట్టాల్సిన చోట నాలుగు చుక్కలు పెడతాడు. ఒకసారి తొందరే సాయం చేయబోయి ట్యాగు మూయడం మర్చిపోతే సగం పేజీ మాయమైంది. ఆ పూటే చాదస్తం పాస్‌వర్డ్ మార్చేసింది. కొత్తది ఎవరికీ చెప్పలేదు.

నాన్న కంట్లో శుక్లం ముదిరింది. ఆపరేషన్‌కి చాదస్తమే తీసుకెళ్ళింది. ఆసుపత్రిలో ఆపరేషన్ గదుల వైపు వెళ్ళేవాళ్ళ ఫోన్లు ఆపించి, సంచుల్లో వేసి, బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఆ రోజు పేజీలో ఉన్నది ఒక్కటే పేరు. పాత సామాన్ల వ్యాపారి ఒకాయన. చివరి చూపు మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా అని ఆమె ముందురోజే రాసి, రెండుసార్లు సరిచూసుకుని మరీ వెళ్ళింది.

పొద్దున విద్యుత్ దహనవాటిక వాళ్ళు కబురు పెట్టారు. మధ్యాహ్నం నుంచి కరెంటు ఉండదు, అంతలోపలే కానిచ్చుకోవాలని. నల్లకోటాయన చాదస్తానికి ఫోన్ చేశాడు, ఆపేసి ఉంది. తొందరకి చేశాడు. తొందర కంప్యూటర్ ముందు కూర్చుని తనకి తోచిన పాస్‌వర్డులన్నీ కొట్టి చూసింది. నాన్న పేరు, అమ్మ పేరు, ప్రెస్సు పేరు. ఏదీ తలుపు తియ్యలేదు. రిక్షా ఎక్కి ఆసుపత్రికి వెళ్తే, ఆపరేషన్ అయ్యేదాకా లోపలివాళ్ళని పిలవం అన్నారు. ఈలోగా నల్లకోటాయన వ్యాపారి బంధువులందరికీ ఫోన్లు చేయించాడు. దొరికినవాళ్ళు దొరికారు. ఉదయమే అన్నీ అయిపోయాయి.

కంటికి కట్టుతో ఉన్న నాన్నని బెంచీ మీద కూర్చోబెట్టి ఫోన్ ఆన్ చేశాక చాదస్తానికి విషయం తెలిసింది. నాన్నని బయట ఎదురుచూస్తున్న తొందరకి అప్పగించి నేరుగా హాలుకి వెళ్ళింది. వెళ్ళి ఏం చెయ్యాలో ఆమెకి తెలియదు. నల్లకోటాయన గుమ్మంలోనే కనిపించాడు. తప్పు ఆమెదని గాని, కాదని గాని అనలేదు. లోపల ఒకాయన ఉన్నాడమ్మా, పోయినాయన తమ్ముడు, అన్నాడు. అన్నదమ్ములకి ఎన్నో ఏళ్ళుగా మాటల్లేవు. తమ్ముడి ఫోన్ నంబరు ఇంట్లో ఎవరి దగ్గరా లేదు. అతను లారీ డ్రైవరు. ఎవరో తెలిసినతను పేజీ పంపితే చూసి, సరుకు దారిలోనే దింపేసి వచ్చాడు.

హాల్లో కుర్చీలు అప్పటికే మడిచి గోడకి ఆనించారు. మధ్యలో శరీరాన్ని పెట్టే ఎత్తు బల్ల ఖాళీగా ఉంది. డ్రైవరు దానికి ఎదురుగా, నేల మీద ఒక మోకాలు మడుచుకుని కూర్చున్నాడు. పక్కన ఒక సంచీ. చొక్కా మీద గ్రీజు మరకలున్నాయని గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు.

చాదస్తం తనెవరో చెప్పింది. ఆ పేజీ నేనే రాశాను, వేళ మార్చడానికి నేను అందుబాటులో లేను అంది. అతను ఆమె మీద విరుచుకుపడతాడని ఆమె అనుకుంది. పడితే బాగుండుననీ అనుకుంది.

"పేజీ చాలా బాగుందమ్మా" అన్నాడతను. "నాది పాత ఫోను. ఏదీ ఒక పట్టాన తెరుచుకోదు. ఇది తాకగానే తెరుచుకుంది. ఒక్క తప్పు లేదు, ఒక్క గీటు లేదు. ఇంత పద్ధతిగా ఉందంటే ఇందులో రాసింది ఖాయం అనుకున్నాను. దారిలో ఒకచోట ఆగి అన్నం కూడా తిన్నాను, వేళ ఉంది కదా అని."

 అతనికి నీళ్ళు కావాలా అని అడిగింది. వద్దన్నాడు. మొహం ఎలా ఉందో మీరేమైనా చూశారా అని అడిగాడు. ఆమె చూడలేదంది. నల్లకోటాయన ముందుకొచ్చి, నేను చూశాను, ప్రశాంతంగా ఉన్నాడు, గడ్డం గీయించాం అని చెప్పాడు. గడ్డం పెంచాడా, అన్నాడు డ్రైవరు. మా ఇంట్లో గడ్డం పెంచేవాళ్ళెవరూ లేరు, అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు.

చాదస్తం అక్కడినుంచి ఆఫీసుకి వెళ్ళి తను రాసిన పేజీ తెరిచి చూసింది. పాత సామాన్ల వ్యాపారి, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా. లోపల కోడ్ తెరిచింది. వరసలన్నీ తిన్నగా ఉన్నాయి. తెరిచిన ప్రతిదీ మూసి ఉంది. ఆ పొందిక చూస్తుంటే పళ్ళ డాక్టరు పేజీ చూసినప్పుడు వచ్చిన వెగటే మళ్ళీ వచ్చింది, అంతకంటే లోతు నుంచి వచ్చింది. అబద్ధం ఇంత శుభ్రంగా ఉండగలదని ఆమెకి అంతవరకూ తెలియదు.

నాన్నని ఇంట్లో పడుకోబెట్టి తొందర వచ్చింది. అక్క జరిగిందంతా చెప్పింది. చెల్లెలు ఊరడిస్తుందని లోలోపల ఆశపడిందేమో, ఆ ఊరడింపు దొరకలేదు.

"నా బూర పేజీకి నువ్వు నాలుగు రోజులు అన్నం సరిగ్గా తినలేదు, గుర్తుందా? నా రోత నీకు కనిపించింది. నువ్వు ముట్టుకున్నదే శుభ్రం, మిగతా అందరి చేతులూ మురికి. పాస్‌వర్డ్ దాచుకున్నది కోడ్ పాడవుతుందని కాదక్కా. మా చేతులు తగులుతాయని."

 చెల్లెలి మాటలో తప్పు పట్టడానికి ఒక్క అక్షరం కూడా దొరకలేదు ఆమెకి.

మర్నాడే తన పేజీలో నల్లకోటాయన కోసం గడులు పెట్టడానికి కూర్చుంది. అంతలో ఆయనే వచ్చాడు. ఎడిటర్‌లో చేసింది కావాలన్నాడు. బూరలూ కాగితాలూ లేకుండా చేయగలిగితే చాలు, ఫొటో దగ్గర్నుంచి వేళ దాకా అన్నీ నేనే లాగి పెట్టుకుంటాను అన్నాడు. ఈ పేజీలోనే ఆ వీలు చేస్తానని చాదస్తం బతిమాలినంత పని చేసింది. ఎంత సన్నగా రాసిందో, ఎంత వేగంగా తెరుచుకుంటుందో మళ్ళీ చెప్పబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"మీ పేజీ చాలా బాగుంటుందమ్మా. కానీ అది మీది. పోయినవాళ్ళు నా దగ్గరికొస్తారు. నాకు నాది కావాలి."

అలా చాదస్తం మొట్టమొదటిసారి ఎడిటర్ ముందు కూర్చుంది. తొందర పక్కన కూర్చుని నేర్పింది. ఖాళీ నమూనా తీసుకుని, అందులో బయటినుంచి ఏ ముక్కని పిలిచినా ఒక్కొక్కటీ వెతికి పీకేసింది. మూసుకుపోయిన తూములో మోచేతిదాకా చెయ్యిపెట్టి లాగుతున్నట్టుంది ఆమెకి. ఒకచోట తీస్తే ఇంకోచోట పుట్టుకొచ్చేది. ఒక ఫొటో కొంచెం పక్కకి జరిపినందుకు ఎడిటర్ ఎంత చెత్త రాసుకుందో వెనకాల చూసి ఛీ అంది. చూడకక్కా, ముందువైపు చూడు అంది తొందర. చూడకుండా ఉండటం ఆమె వల్ల కాలేదు. చూస్తూ, ముక్కు చిట్లిస్తూ, తిట్టుకుంటూనే పూర్తిచేసింది. సంతాపం బటన్ మాత్రం పదే పదే నొక్కి చూశారు ఇద్దరూ. ప్రతిసారీ ఒక్క వాక్యమే వచ్చింది. బరువైన పేజీ. తెరుచుకోవడానికి ఆయాసపడుతుంది. లోపల డబ్బాల్లో డబ్బాలు అలాగే ఉన్నాయి.

డ్రాయింగు మాస్టారి పేజీని మాత్రం కొత్తదాంట్లోకి మార్చలేదు. ఆయన భార్య వద్దంది. చాదస్తం రాసింది చాదస్తం రాసినట్టే ఉంచారు.

నల్లకోటాయన తనంతట తను పెట్టిన మొదటి పేజీ ఒక ముసలి కండక్టరుది. పెట్టానమ్మా, చూడండి, అని ఫోన్ చేశాడు. చాదస్తం తెరిచింది. కాసేపటికి పేజీ వచ్చింది. పేరు ఊదారంగులో ఉంది. చివరి చూపు వేళ ఎర్రటి లావు అక్షరాలతో, ఒక పక్కకి ఒరిగి, సగం తెర ఆక్రమించింది. దాని చివర ఏడు చుక్కలు. ఫొటోని ఎలా లాగాడో గాని, పాపం కండక్టరు మొహం అడ్డంగా సాగిపోయి, ఎవరో అద్దానికేసి అదిమినట్టుంది.

 ఆమె చెయ్యి దానంతటదే మౌస్ మీద పడింది. తొందర తన బల్ల దగ్గర్నుంచి చూస్తోంది.

ఫోన్‌లో నల్లకోటాయన చెప్పుకుపోతున్నాడు. ముందు పొద్దున పదింటికి అని పెట్టాడట. కండక్టరు కూతురు రైలు ఆలస్యమైందని చెప్తే అక్కడికక్కడే మార్చాడట. కండక్టరు తల్లి ఇంకా బతికే ఉందట, ఆవిడ కళ్ళజోడు లేకుండానే వేళ చదువుకుందట. ఫొటో ఒక్కటే ఎందుకో కుదరడం లేదమ్మా, అన్నాడు.

చాదస్తం మౌస్ వదిలేసింది. ఫొటో మూల పట్టుకుని లాగమని చెప్పింది. ఆ మూల కాదండీ, కింది మూల, అంది. ఆయన ఏదో లాగాడు. తెర మీద కండక్టరు మొహం అడ్డం నుంచి నిలువుకి మారింది. గడ్డం పొడుగ్గా సాగి వేళ దాకా వచ్చింది.

"ఇప్పుడెలా ఉందమ్మా?" అన్నాడు నల్లకోటాయన.

ఆమె ఎర్రటి అక్షరాలని చివరి చుక్క దాకా చదివింది.

"వేళ సరిగ్గానే ఉందండీ" అంది.